ఇంగ్లీషోళ్ల డబ్బు సామెతలు కాల్స్‌లో అర్థం కావట్లేదు, ఎలా నేర్చుకోవాలి?

పాల్వంచ అమ్మాయి:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ రిసీవబుల్ టీంలో చేరాను. క్లయింటు తరఫున, ఇంకా కట్టని ఇన్‌వాయిస్‌ల కోసం వాళ్ల కస్టమర్లకు ఫోన్ చేసి డబ్బులు ఎప్పుడు వేస్తారని అడగడం మా పని. సగం కాల్స్ ఇంగ్లండ్‌వి, సగం అమెరికావి. ఇంగ్లీషు మాట్లాడటం నాకు ఇబ్బంది లేదు, యాస కూడా మెల్లగా అలవాటవుతోంది. ఇబ్బందల్లా డబ్బు మాట వచ్చేసరికి వాళ్లు సూటిగా మాట్లాడకపోవడమే.

ఒకాయన్ని మార్చి బిల్లు గురించి అడిగితే "వి ఆర్ రాబింగ్ పీటర్ టు పే పాల్ హియర్, లవ్" అన్నాడు. మా లెడ్జర్‌లో పీటరూ లేడు, పాలూ లేడు. ఇంకొకాయన వ్యాన్ రిపేరుకి "కాస్ట్ మి ఎ మంకీ" అన్నాడు. ఒక అమెరికా ఆవిడైతే "యూ గైజ్ ఆర్ నికెల్ అండ్ డైమింగ్ అస్" అని అరిచి ఫోన్ పెట్టేసింది. అరిచిందంటే కోపం అని తెలుస్తుంది గానీ ఎందుకో తెలియాలి కదా, కాల్ నోట్స్‌లో ఏమని రాయను?

నెట్‌లో ఇలాంటి వాటి లిస్టులు బోలెడున్నాయి. బట్టీ పట్టడం నా వల్ల కాదు, పట్టినా కాల్ మధ్యలో టైంకి గుర్తురావు. వీటి వెనక ఏదైనా లాజిక్ ఉందా? ఇంగ్లండ్‌వి వేరు, అమెరికావి వేరా? నేను కూడా తిరిగి వాడొచ్చా, లేక మన నోటినుంచి వస్తే వెటకారంలా ఉంటుందా? "డిక్షనరీ చూసుకో" అని మాత్రం అనకండి ప్లీజ్, టెన్షన్‌లో ఉన్నాను, ప్రొబేషన్ ఇంకా అవ్వలేదు.

లీడ్స్ తెలుగోడు:

లాజిక్ ఉందండీ. ఇంగ్లండ్ వాటి వరకు ఒక్క లెక్క తెలిస్తే సగం పని అయిపోతుంది. 1971 ఫిబ్రవరి 15 దాకా ఇక్కడ పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే పౌండుకి 240 పెన్నీలు. ఆ రోజునుంచి వంద పెన్నీల పౌండు వచ్చింది. సామెతలు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయాయి. మనకూ అంతేగా, 1957లో నయాపైసలు వచ్చి అణాలు పోయినా "పదహారణాల తెలుగు పిల్ల" అనడం మానలేదు.

ఆ 240 మనసులో పెట్టుకుని "పెన్నీ వైజ్, పౌండ్ ఫూలిష్" వినండి. పెన్నీ దగ్గర మహా జాగ్రత్త, 240 రెట్ల దగ్గర గుడ్డితనం. 30 పౌండ్ల సర్వీసింగ్ దండగ అని మానేసి తర్వాత 600 పెట్టి ఇంజన్ మార్పించుకునే రకం. దీనికి ఎదురు సామెత కూడా ఉంది, "లుక్ ఆఫ్టర్ ద పెన్నీస్ అండ్ ద పౌండ్స్ విల్ లుక్ ఆఫ్టర్ దెమ్‌సెల్వ్స్". చిల్లర జాగ్రత్తగా చూసుకుంటే పెద్ద మొత్తం దాని సంగతి అదే చూసుకుంటుందని. 18వ శతాబ్దంలో లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ కొడుక్కి రాసిన ఉత్తరాల్లో దీన్ని ట్రెజరీ సెక్రటరీ లౌండ్స్ మాటగా చెప్పాడు. ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే మనిషి నోట్లో కూడా వింటారు, ఏది అవసరమైతే అది తీస్తారు. సామెతలతో వాదిస్తే ఎవరైనా గెలుస్తారు మరి.

"ద పెన్నీ హాజ్ డ్రాప్డ్" అంటే డబ్బు కాదు, "ఇప్పుడు వెలిగింది" అని. పాత కాయిన్ మెషిన్‌లో పెన్నీ వేస్తే అది ఎక్కడో ఇరుక్కుని, కాసేపటికి లోపల పడితే గానీ మెషిన్ కదిలేది కాదు. "స్పెండ్ ఎ పెన్నీ" అంటే బాత్రూంకి వెళ్లొస్తానని. పబ్లిక్ టాయిలెట్ తలుపులకి పెన్నీ వేస్తే తెరుచుకునే తాళాలుండేవి. 1851లో హైడ్ పార్క్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ అనే ఆయన పెట్టిన టాయిలెట్లకు కూడా పెన్నీయే ఫీజు. ఇది ఎక్కువగా పెద్ద వయసు వాళ్లు వాడతారు, కాల్‌లో ఎవరైనా అంటే ఖర్చు కింద నోట్ చేయకండి :)

మంకీ అంటే 500 పౌండ్లు, పోనీ అంటే 25. ఇవి లండన్ వైపు మాటలు, గుర్రప్పందాల బ్యాచ్, పాత కార్ల బేరగాళ్లు వాడతారు. దీనిమీద ఇక్కడ ఒక కథ తిరుగుతుంటుంది, మన దేశంలో 500 రూపాయల నోటు మీద కోతి బొమ్మ ఉండేదని, దాన్ని చూసిన తెల్ల సిపాయిలు ఈ మాట పట్టుకెళ్లారని. అలాంటి నోటే లేదు. పబ్‌లో ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. మా యార్క్‌షైర్‌లో డబ్బుని బ్రాస్ అంటారు. "వేర్ దేర్స్ మక్, దేర్స్ బ్రాస్" అని ఇక్కడి సామెత, బురదలో పని చేసేవాడికే డబ్బులని. లీడ్స్‌లో డ్రైనేజీ కాంట్రాక్టర్ల ఇళ్లు చూస్తే నిజమేననిపిస్తుంది.

బకాయిల భాస్కర్:

పైన సోదరుడు చరిత్ర బాగా చెప్పాడు. నేను చాలాకాలం కలెక్షన్స్ టీం లీడ్‌గా చేశాను కాబట్టి వేరేవైపు నుంచి చెప్తాను. అమ్మా, మీకు కావాల్సింది సామెత అర్థం కాదు, ఆ మాట అన్నవాడు డబ్బు కడతాడా కట్టడా అన్నది. మా దృష్టిలో ఇవన్నీ మూడు రకాలే: డబ్బుల్లేవు, డబ్బులున్నాయి కానీ ఇవ్వను, ఉన్నాయి ఇస్తాను కానీ ఇప్పుడు కాదు.

మీ పీటర్-పాల్ ఆయన మొదటి రకం. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కడుతున్నాం, ఇక్కడ తీసి అక్కడ సర్దుతున్నాం అంటున్నాడు. "స్ట్రాప్డ్ ఫర్ క్యాష్", "స్కింట్", "ఇన్ ద రెడ్" ఇవన్నీ ఆ జాబితాలోవే. ఈ ఇన్ ద రెడ్ లెడ్జర్‌లో నష్టాన్ని ఎర్ర సిరాతో రాసే రోజుల నుంచి వచ్చింది, లాభం నల్ల సిరా కాబట్టి లాభాల్లో ఉంటే ఇన్ ద బ్లాక్. ఇలాంటి వాళ్ల మీద గొంతు పెంచితే లాభం లేదు. వాళ్ల దగ్గర ఉన్న కొంచెం ఎవరికి ముందు ఇస్తారన్నదే ఆట, కాబట్టి మొత్తం అడక్కుండా వాయిదాల ప్లాన్ గురించి మాట్లాడాలి, అదీ మేనేజర్ అనుమతితో.

కానీ "గాన్ టు ద వాల్" అని వింటే వెంటనే చెవులు రిక్కించండి. కంపెనీ మునిగిందని. దాంతోపాటు "ఇన్ అడ్మినిస్ట్రేషన్" అనే మాట కూడా వస్తుంది. మన కొత్త పిల్లలు చాలామంది దాన్ని అడ్మిన్ డిపార్ట్‌మెంట్ అనుకుని "కెన్ యూ కనెక్ట్ మి టు దెమ్" అంటారు. అది ఇంగ్లండ్ దివాలా చట్టం మాట. కంపెనీ పగ్గాలు కోర్టు గుర్తింపు ఉన్న అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లాయని అర్థం. ఇక వాళ్లకి రిమైండర్లు పంపడం ఆపి, అడ్మినిస్ట్రేటర్ పేరు, తేదీ రాసుకుని పైవాళ్లకి చెప్పాలి. తర్వాత ఎప్పుడో "టెన్ పెన్స్ ఇన్ ద పౌండ్" లాంటి మాట వినపడితే, రావాల్సిన ప్రతి పౌండుకి పది పెన్నీలు దక్కుతాయని లెక్క. తొంభై పోయినట్టే.

రెండో రకం, ఉన్నాయి కానీ ఇవ్వరు. "డేలైట్ రాబరీ", "పేయింగ్ త్రూ ద నోస్", "రిప్-ఆఫ్". మనం ముక్కుపిండి వసూలు చేశారంటామే, వీళ్లూ ముక్కునే పట్టుకున్నారు. మీ నికెల్ అండ్ డైమ్ ఆవిడా ఇదే. బిల్లులో డెలివరీ ఛార్జీ, ఫ్యూయల్ సర్‌ఛార్జీ, హ్యాండ్లింగ్ ఫీజు అంటూ చిన్న చిన్నవి వేసి పీక్కుతింటున్నారని ఆవిడ బాధ. ఇది డబ్బు లేక కాదు, డిస్ప్యూట్. అందుకే నోట్స్‌లో "కస్టమర్ కోపంగా ఉంది" అని కాదు, ఏ లైను మీద అభ్యంతరమో అడిగి డిస్ప్యూట్ కోడ్ వేసి బిల్లింగ్‌కి పంపండి. ఆ ఒక్క లైను తీసేస్తే మిగతాది ఆ వారమే కడుతుంది చాలాసార్లు.

మూడో రకం నీళ్లు నమిలే బ్యాచ్. "ద చెక్ ఈజ్ ఇన్ ద పోస్ట్" ప్రపంచంలోకెల్లా పాత అబద్ధం, అమెరికాలో పోస్ట్ బదులు మెయిల్ అంటారు. అబద్ధమని అనకూడదు, చెక్ నంబరు ఎంత, ఏ తేదీన పంపారు, ఏ అడ్రసుకి అని మర్యాదగా అడగాలి. నిజంగా పంపినవాడు పది సెకన్లలో చెప్తాడు. ఇంగ్లండ్‌లో ఇప్పుడు చెక్కులు తగ్గాయి కాబట్టి అదే అబద్ధం కొత్త వేషంలో వస్తుంది, "ఇట్స్ ఇన్ ఫ్రైడేస్ రన్" అని, అంటే శుక్రవారం చేసే పేమెంట్లలో మీదీ ఉందని. బ్యాక్స్ (అక్కడ బ్యాంకు ఖాతానుంచి ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) పేమెంటు అయితే పెట్టిన రోజుతో కలిపి మూడో పనిదినానికి ఖాతాలో పడుతుంది. శుక్రవారం రన్‌లో పెడితే మంగళవారం చూడండి, పడకపోతే బుధవారం పొద్దున్నే ఫోన్ చేయండి.

వాడాలా అంటే నా మాట ఒక్కటే, వాడొద్దు. బాకీ అడిగేవాడి నోటినుంచి సామెత వస్తే ఎదుటివాడికి ఎగతాళిలా వినపడుతుంది, పైగా కాల్ రికార్డ్ అవుతోంది. మా టీంలో ఒకబ్బాయి "పుట్ యువర్ మనీ వేర్ యువర్ మౌత్ ఈజ్" అనేశాడు. మాటలు కట్టిపెట్టి డబ్బు తియ్యి అన్నట్టు ఉంటుంది అది. పెద్ద గొడవ అయింది. మనిషిని "చీప్" అన్నా "టైట్" అన్నా పిసినారి అన్నట్టే, "మనీ ఈజ్ టైట్" అంటే మాత్రం చేతిలో ఆడటం లేదని.

డాలస్ బాబాయ్:

భాస్కర్ గారూ, మరీ అంత కఠినం ఏంటండీ. ఇక్కడ అమెరికాలో "జస్ట్ మై టూ సెంట్స్" అని అనని మీటింగ్ ఉండదు, నా అభిప్రాయం ఇదీ అని వినయంగా చెప్పడమే కదా. అలాంటివి వాడితే ఏమీ కాదు. బాకీ కాల్‌లో వద్దంటే ఒప్పుకుంటాను.

అమ్మాయీ, అమెరికా లెక్క నీకు ఇంకా తేలిక. నికెల్ 5 సెంట్లు, డైమ్ 10, క్వార్టర్ 25. "డైమ్ ఎ డజన్" అంటే పది సెంట్లకి పన్నెండు, అంటే ఎక్కడపడితే అక్కడ దొరికే చవక సరుకు. దీన్నే ఇంగ్లండ్ వాళ్లు "టెన్ ఎ పెన్నీ" అంటారు. సెంటుని ఇక్కడా పెన్నీ అనే పిలుస్తాం. తయారీ ఖర్చు దాని విలువకంటే ఎక్కువైపోయి, 2025 నవంబరులో ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీ కోసం ఆఖరి పెన్నీ కొట్టారు. సామెతలకేం ఢోకా లేదు, పెన్నీ అనే నాణెం మొహం చూడని పిల్లలు కూడా "పెన్నీ ఫర్ యువర్ థాట్స్" (ఏం ఆలోచిస్తున్నావ్ అని) అంటూనే ఉంటారు.

నీ పనికి బాగా పనికొచ్చేది "పాసింగ్ ద బక్". ఈ బక్ డాలరు కాదు. డాలరుని బక్ అనడం జింక తోళ్లతో వ్యాపారం చేసిన రోజులనాటిదంటారు. ఇది వేరు, పేకాటలో పంచే వంతు ఎవరిదో చూపించడానికి ముందు పెట్టే గుర్తు. వంతు వద్దనుకున్నవాడు పక్కవాడికి తోసేస్తాడు. ప్రెసిడెంట్ ట్రూమన్ తన టేబుల్ మీద "ద బక్ స్టాప్స్ హియర్" అని బోర్డు పెట్టుకున్నాడు, తోయడాలు నా దగ్గర ఆగిపోతాయి అని. నువ్వు ఫోన్ చేస్తే అకౌంట్స్ వాళ్లు పర్చేజ్‌ని అడగమంటారు, పర్చేజ్ వాళ్లు స్టోర్స్ అంటారు, స్టోర్స్ వాళ్లు మళ్లీ అకౌంట్స్ అంటారు. అదే ఇది. మా జిల్లా ఆఫీసుల్లో ఫైలు తిరిగినట్టే.

ఇంకో ముచ్చట. "ఎ పెన్నీ సేవ్డ్ ఈజ్ ఎ పెన్నీ ఎర్న్‌డ్" బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్నాడని పోస్టర్లు వేస్తారు. ఆయన 1737 పంచాంగంలో రాసింది పెన్నీ మిగిలిస్తే రెండు పెన్స్ లాభమని, లెక్క కొంచెం పెంచి. "టైమ్ ఈజ్ మనీ" మాత్రం ఆయన 1748లో కుర్ర వ్యాపారికి సలహాగా రాసినదే. పాపం ఆయన కాలంలోనే స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బుల్లేక 1775 నుంచి కాంటినెంటల్ అనే కాగితం నోట్లు అచ్చువేసి వేసి 1781 కల్లా వాటి విలువ గాల్లో కలిపేశారు. "నాట్ వర్త్ ఎ కాంటినెంటల్" అనే మాట అలా పుట్టింది, మన "చిల్లిగవ్వ చేయదు" లాగా. ఇప్పుడెవరూ వాడరులే, నీకు అవసరం లేదు, నాకు చెప్పాలనిపించింది.

బందరు నాణేలాయన:

టాపిక్ పక్కకి వెళ్తోందని తిట్టకండి, ఇంగ్లీషు డబ్బు మాటల్లో మన ఊళ్లవి కూడా ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. "షేకింగ్ ద పగోడా ట్రీ" అని ఒక పాత మాట ఉంది. పగోడా అంటే గుడి కాదిక్కడ, మన వరహా. ఆ బంగారు నాణేన్ని తెల్లవాళ్లు అలా పిలిచేవారు, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు స్టార్ పగోడాలని తామే కొట్టేవారు. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా అని లెక్క. ఇండియాకి గుమాస్తాగా వచ్చి కొన్నేళ్లలో కోటీశ్వరుడై తిరిగెళ్లేవాణ్ణి చూసి లండన్‌లో "పగోడా చెట్టు దులిపి వచ్చాడు" అనేవాళ్లు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాట కనిపిస్తుంది. డబ్బులు చెట్లకి కాయవని పిల్లలకి చెప్పే జాతి, మన దగ్గర మాత్రం కాస్తాయనుకుంది.

గోల్కొండ అయితే మామూలు నామవాచకం అయిపోయింది. పెద్ద ఇంగ్లీషు నిఘంటువుల్లో గోల్కొండ అంటే తరగని సంపదకి మూలం, గని అని అర్థం ఉంటుంది. అమెరికాలో ఇలినాయ్‌లో ఒక గోల్కొండ, నెవాడాలో ఒక గోల్కొండ ఉన్నాయి. నిజానికి వజ్రాలు కోటలో దొరకలేదు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్వేవారు, అది ఇప్పటి పల్నాడు జిల్లా. మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఒక పెద్ద గోల్కొండ వజ్రాన్ని 48,000 పగోడాలకు కొని ఇంగ్లండ్ పంపించాడు. 1717లో ఫ్రాన్సు రీజెంటుకి (బాలరాజు తరఫున రాజ్యం ఏలేవాడికి) అది 1,35,000 పౌండ్లకు అమ్ముడైంది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆయన మనవడు, మునిమనవడు ఇద్దరూ ఇంగ్లండ్ ప్రధానులు. ఆ కుటుంబం లేచిందే మన వజ్రం మీద అని నా అభిప్రాయం, చరిత్ర మాస్టార్లు ఒప్పుకోకపోయినా సరే.

లీడ్స్ తెలుగోడు:

బందరు గారూ, ఈ పగోడా చెట్టు మాట ఇక్కడ నేను ఎవరి నోటా వినలేదు, పుస్తకాల్లోనే మిగిలినట్టుంది. లూట్ అనే మాట మాత్రం మన దగ్గర్నుంచే వచ్చి ఇంకా బాగా తిరుగుతోంది, లాటరీ తగిలితే కుర్రాళ్లు "గాట్ సమ్ లూట్" అంటారు.

పాల్వంచ అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. భాస్కర్ గారు చెప్పిన మూడు రకాలు స్టిక్కీ నోటు మీద రాసి మానిటర్‌కి అంటించాను. నికెల్ అండ్ డైమ్ ఆవిడ బిల్లు తీసి చూస్తే నిజంగానే ఒకే డెలివరీకి మూడు హ్యాండ్లింగ్ ఛార్జీలు పడి ఉన్నాయి, బిల్లింగ్‌కి పంపాను.

ఇంకో రెండు డౌట్లు. ఒక అమెరికా కంపెనీ ఫైనాన్స్ మేనేజర్ "వుడ్ యూ టేక్ ఎ హెయిర్‌కట్ ఆన్ దిస్" అన్నాడు. ఇంగ్లండ్‌లో ఒక పెద్దాయన "డోంట్ వర్రీ డియర్, ఐయామ్ గుడ్ ఫర్ ఇట్" అన్నాడు. ఈయన మాట తీరు చాలా మర్యాదగా ఉంది, ప్రామిస్ టు పే (కడతానని మాట ఇచ్చాడు) కింద వేసేయొచ్చా?

బకాయిల భాస్కర్:

హెయిర్‌కట్ అంటే రావాల్సినదాంట్లో కొంత వదులుకుంటారా అని. లక్ష డాలర్ల బాకీకి 80,000 తీసుకుని ఖాతా మూసేయమంటే అది 20 శాతం హెయిర్‌కట్. దానికి అవునని గానీ కాదని గానీ మీరు అనకూడదమ్మా, "ఐ విల్ టేక్ ఇట్ టు మై మేనేజర్" అని, ఎంత ఇస్తానంటున్నాడో, ఏ తేదీకి ఇస్తాడో మెయిల్‌లో రాసి పంపమనండి. రాతలో వస్తే బాకీ ఉందని ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది, తర్వాత లీగల్ వాళ్లకి పనికొస్తుంది.

పెద్దాయన మాటకి అర్థం, నా దగ్గర డబ్బుంది, నన్ను నమ్మొచ్చు అని. మనిషి మంచివాడే అయ్యుండొచ్చు. కానీ అందులో తేదీ లేదు, ఎంతో లేదు. ప్రామిస్ టు పే కోడ్ వేస్తే సిస్టం ఫాలోఅప్ ఆపేస్తుంది, నెలాఖరు రిపోర్టులో అది మీ పేరు మీద పడుతుంది. రేపు మళ్లీ ఫోన్ చేసి "విచ్ డేట్ షల్ ఐ నోట్ డౌన్, సర్?" అనండి. తేదీ చెప్తే కోడ్ వేయండి, చెప్పకపోతే కాల్‌బ్యాక్‌లో పెట్టి వారం తర్వాత మళ్లీ చేయండి.